పదకొండు వంటలు, అన్నం లేదు

జనవరి 30, గురువారం

పన్నెండు అనేశాను. ఆరు అన్నా సరిపోయేది.

మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో ఆసిఫాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. సాయిచంద్ తండ్రి ఓంప్రకాశ్. మా అమ్మాయి తిరుమల, సాయిచంద్ కరీంనగర్‌లో ఒకే ఆసుపత్రిలో పని చేస్తారు. ఈమె నర్సు, అతను ల్యాబులో. రెండేళ్లుగా ఇష్టపడుతున్నారు. కులం కూడా ఒకటే కాబట్టి సగం తలనొప్పి లేదు. ఆ సగం లేదని సంతోషించేలోపే ఆయన అడిగాడు.

"టీచరమ్మా, బావ ఏం పని చేస్తడు?"

"మాకు సాంచెలున్నయి అన్నా," అన్నాను.

"మంచిది. ఎన్నున్నయి?"

స్టాఫ్‌రూమ్‌లో ఆరుగురు చెవులు రిక్కించి కూర్చున్నారు. పన్నెండు అన్నాను.

మా ఆయన నడిపే మరమగ్గాలు ఎనిమిది. లచ్చయ్య ఆసామి కార్ఖానాలో, కూలికి, మా పెళ్లి కాకముందు నుంచీ. కానీ అసలు సాంచె ఎవరిది? పొద్దంతా దాని ముందు నిలబడి తెగిన పోగు అతికేవాడిదా, నెలకోసారి వచ్చి చూసిపోయేవాడిదా? అలా చూస్తే ఈయన జీవితంలో ఎన్ని సాంచెలు నడిపాడో, పన్నెండు కూడా తక్కువే. ఇది అబద్ధం కిందికి రాదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

తిరుమల వచ్చి వెళ్లింది.

"మమ్మీ, వచ్చే ఆదివారం వాళ్లు మన ఇంటికి వస్తరట," అంది.

ఇల్లంటే రెండు గదులు, ముందు రేకుల పంచ. పక్కన, ఈయనతో పాటే కార్ఖానాలో పనిచేసే సాంబయ్య వాళ్ల నూలు చుట్టే కండెల మిషన్ పొద్దుగూకేదాకా గిర్రుమంటూనే ఉంటుంది. సిరిసిల్లలో ఎవరి ఇల్లయినా ఇంతే, మాదేదో వింత కాదు. ఇల్లు చిన్నదని కాదు నా బాధ. ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్‌కు రావడమే దూరం, మళ్లీ ఇక్కడిదాకా ఎందుకు, ముసలామె కూడా ఉందంటున్నారు. కరీంనగర్‌లోనే మంచి హోటల్లో కూర్చుని మాట్లాడుకుంటే అందరికీ సుళువు. ఇదే తిరుమలతో చెప్పాను.

"నీ ఇష్టం మమ్మీ," అంది. దాని "నీ ఇష్టం" నాకు తెలుసు. ఇష్టం లేదని దానర్థం.

హోటల్ పేరు పసిడి పళ్లెం. డ్యామ్ రోడ్డులో కొత్తగా తెరిచారు. మా ఇంగ్లిష్ టీచర్ దీక్షిత పెళ్లిరోజుకు పోయివచ్చి నెల రోజులుగా అదే పాట. "మన పల్లె తిండ్లే మేడం, కానీ ఎట్ల పెడ్తరో చూడాలె. మా ఆయన చెయ్యి కడుక్కోను గూడ బుద్ధి కాలే అన్నడు." ఫోన్లో వీడియోలు చూపించింది. పొగలు, పువ్వులు, బంగారు రంగు పళ్లాలు. హెడ్‌మాస్టర్ కూడా తల ఊపాడు, ఆయన పోయింది లేదు గానీ.

ఫిబ్రవరి 6, గురువారం

నా తెలివికి నేనే మెచ్చుకుంటున్నాను.

మా దిక్కు సంబంధం ఖాయమయ్యేదాకా పిల్ల వాళ్ల అన్నం పిల్లగాని వాళ్లు ముట్టరు. చాయ్ తాగుతారు, సర్వపిండి తుంచుతారు, కూర అడిగి మరీ వేయించుకుంటారు. అన్నం ముట్టారంటే మాట ఇచ్చినట్టే. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు హుస్నాబాద్‌లో మా అవ్వ గంజు నిండా వండి మూత పెట్టి దాని పక్కనే కూర్చుంది. మా మామ సాయంత్రం దాకా చాయ్ మీదే ఉన్నాడు. మాట ఖాయమయ్యాకే మూత తీశారు.

ఇప్పుడు హోటల్‌వాడు తెచ్చి అన్నం ముందు పెడితే వాళ్లు తినలేరు, తినకుండా కూర్చోనూ లేరు. పాపం ఎందుకా ఇరకాటం. అందుకని ఫోన్ చేసి చెప్పాను: మా బల్లకు అన్నం వద్దు, బిర్యానీ వద్దు, పులిహోర వద్దు, పెరుగన్నం కూడా వద్దు. పదకొండు వంటలు వరసగా వస్తాయట, అన్నం ఎగిరిపోయినా పదకొండు ఉండేలా సర్దుతానన్నాడు.

"అన్నం లేకుండనా మేడం? పక్కానా?" అని రెండుసార్లు అడిగాడు.

నేను చెబుతున్నాను కదా అన్నాను. ఇంత ముందుచూపు ఈ ఇంట్లో ఇంకెవరికి ఉంది?

ఫిబ్రవరి 8, శనివారం

ఈయన గోళ్లు కత్తిరించి, కిరోసిన్ గుడ్డతో వేళ్లు రుద్దాను. నూనె నలుపు సందుల్లోంచి పోదు. ఎర్రగా అయ్యేదాకా రుద్దాను.

"రేపు నేనేం మాట్లాడాలె?" అని అడిగాడు.

"ఏం మాట్లాడకు. సాంచెల ముచ్చట వస్తే నేను చెప్త. నా మీద ఒట్టు."

"నా పేరన్న చెప్పచ్చునా?"

పర్శరాములు అని చెప్పుకో, ఎవరు వద్దన్నారు, అన్నాను. నవ్వుతాడనుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి పోయాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇంటికొచ్చి నిలబడే సద్దన్నం, మామిడికాయ తొక్కు తిన్నాను. ఈయన నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. పసిడి పళ్లెంలో మూడు గంటలు కూర్చుని వచ్చిన మనుషులం.

లోపల చలి. అద్దాల తలుపులు, దీపాలు, చాటంత పళ్లాలు. వాళ్లు ముగ్గురు వచ్చారు. సాయిచంద్ బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు, తల వంచుకుని నమస్తే పెట్టాడు. ఓంప్రకాశ్ పొడుగు మనిషి, కూర్చోగానే బల్ల మీది గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇంకొకామె ఆయన అక్క బుచ్చవ్వ, డెబ్బై ఏళ్లుంటాయి. సాయిచంద్ చిన్నప్పుడే తల్లి పోతే ఈమే పెంచింది. ఆ ఇంట్లో మాట ఆమెది అని తిరుమల ముందే చెప్పింది. అందుకే నా కళ్లన్నీ ఆమె మీదే.

మొదట పొడుగు కాళ్ల గాజు గ్లాసుల్లో అంబలి వచ్చింది. పైన పుదీనా ఆకు. బుచ్చవ్వ ఒక గుక్క తాగి అడిగింది.

"గిదేం షర్బతు బిడ్డా?"

"అంబలి అమ్మా, మా స్పెషల్," అన్నాడు వడ్డించే అబ్బాయి.

చక్కెర వేశారు. అంబలిలో చక్కెర. మా అవ్వ ఉంటే చీపురు తిరగేసేది.

ఇరవై నిమిషాలకు సర్వపిండి. రూపాయి బిళ్లంత, మనిషికి ఒక్కటి, పక్కన ఒక పువ్వు. చల్లగా, పెంకులాగా. తర్వాత అద్దం బుట్ట కింద పొగ. మూత తీయగానే పొగంతా ఓంప్రకాశ్ ముఖానికి కొట్టింది, ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. పొగ పోయాక చూస్తే లోపల నాలుగు పల్లీలు, ఒక వంకాయ ముక్క. ప్రతి వంటకూ ఆ అబ్బాయి చేతులు కట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు, మేమందరం చేతులు ఒళ్లో పెట్టుకుని వినాలి. నాటుకోడి అని ఒక ఎముక తెచ్చాడు, పులుసు తియ్యగా ఉంది. దీక్షితను రేపు బడిలో పట్టుకుంటాను.

తిండి సంగతి పోనీ. ఖాళీ పళ్లాల ముందు కూర్చుంటే మాటలు వస్తాయి. అదే వచ్చిన కష్టం.

"బావా, ఇప్పుడు మీ దిక్కు పాలిస్టర్ నడుస్తుందా, కాటనా?" ఓంప్రకాశ్ నేరుగా ఈయన్నే అడిగాడు.

"రెండూ అన్నా," అన్నాను.

"మీ దగ్గర ఎంతమంది పని చేస్తరు బావా?"

"ఇద్దరు," అన్నాను. ఈయన రెండు చేతులూ బల్ల కిందికి పోయాయి.

"మంచోళ్లేనా?" మళ్లీ ఈయన్నే.

ఈయన నీళ్ల గ్లాసు అందుకున్నాడు. ఓంప్రకాశ్ ఎదురు చూస్తున్నాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి.

"మంచోళ్లే అన్నా. పని మంచిగనే చేస్తరు గని, చెప్పిన మాట వినరు," అని నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. తిరుమల కాగితం గుడ్డ చింపుతూ కూర్చుంది. యజమానులు పనివాళ్ల గురించి అలాగే కదా మాట్లాడతారు, లచ్చయ్య నోట ఎన్నిసార్లు విన్నాను. అందుకే సహజంగా ఉంటుందని అన్నాను.

పదో వంట అయ్యాక బుచ్చవ్వ వంటగది తలుపు దిక్కు చూస్తూ అడిగింది.

"ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?"

"లేదమ్మా, అయిపోయింది. ఇగ స్వీటే," అన్నాను.

"ఇగ అంతేనా?"

"అంతే."

ఆమె తమ్ముడి ముఖం చూసింది. బెల్లం ఐస్‌క్రీం వస్తే ముట్టలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. రుచి నచ్చలేదు కాబోలు, ఆ తిండి ఎవరికి నచ్చుతుంది? ముహూర్తాల మాట గానీ, కట్నకానుకల మాట గానీ, అసలు ఏ మాటా రాలేదు. ఓంప్రకాశ్ దండం పెట్టి, "ఇగ పోతం టీచరమ్మా," అన్నాడు.

బస్సులో ఈయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒట్టు తీసేశాను, ఇప్పుడు మాట్లాడొచ్చు అన్నాను. కొండగట్టు పోయే బస్సు ఒకటి పక్కనుంచి పోతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

మొత్తానికి బాగానే జరిగింది.

ఫిబ్రవరి 10, సోమవారం

ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

రాలేదు. ముసలామెకు ప్రయాణం పడలేదేమో.

ఫిబ్రవరి 12, బుధవారం

పసిడి పళ్లెం గురించి ఫోన్లో ఐదు చుక్కల్లో ఒక్కటే ఇచ్చి ఇరవై వాక్యాలు రాశాను. అంబలిలో చక్కెర, కోడిపులుసులో తీపి, వంటకూ వంటకూ మధ్య ఒక పీరియడంత ఖాళీ. వ్యాకరణ దోషం లేకుండా తిట్టాను. గంటకు జవాబు వచ్చింది: "మీ ప్రేమకు ధన్యవాదాలు, మళ్లీ దయచేయండి."

దీక్షితతో మాట్లాడటం మానేశాను. ఆ హోటల్ కాకుండా ఇంకేదైనా అయ్యుంటే ఇప్పటికి ఫోన్ వచ్చేది. మంచి తిండి పెడితే మనుషులు మంచి మాట చెబుతారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తిరుమల ఫోన్ చేసి ఏడ్చింది. చిన్నప్పటి నుంచి దాని ఏడుపు తక్కువ.

"వాళ్లు ఇగ ఈ ముచ్చట వద్దంటున్నరు మమ్మీ. సాయి ఎంత అడిగినా వాళ్ల మేనత్త నోరు విప్పుతలేదట. 'వాళ్లకే ఇష్టం లేదు, మనమెందుకు ఎగబడాలె' అన్నదట."

మాకు ఇష్టం లేకపోవడం ఏమిటి? ఇది సాకు. సాంచెల సంగతి తెలిసిపోయింది. అంతే, ఇంకేం కాదు. సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు. కానీ వాళ్లకు ఇక్కడ ఎవరు తెలుసు? ఎవరు చెప్పి ఉంటారు?

తిరుమల బతుకు నా నోటి నుంచి వచ్చిన ఒక్క అంకె మీద ఆగింది. లేదు, అలా అనుకోను. ఎవరో చెప్పారు. చెప్పినవాళ్లదే పాపం.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈయన్నే అడిగాను. హోటల్లో చేతులు కడుక్కోవడానికి ఈయన, ఓంప్రకాశ్ ఒకేసారి పోయారు, అది గుర్తొచ్చింది.

"నువ్వే చెప్పినవా?"

"ఏంది?"

"సాంచెలు మనయి కావని."

"నువ్వు ఒట్టు పెట్టినవు. గా పూట నీళ్లు తాగను తప్ప నోరు తెరువలే నేను," అన్నాడు.

"మరి వాళ్లకెట్ల తెలిసింది?"

"నాకేమెరుక. నాకు తెలిసింది ఒక్కటే, నేను చెప్పిన మాట విననోన్నని."

చెప్పులు వేసుకుని కార్ఖానాకు పోయాడు. ఆర్డర్ ఉంది కాబట్టి ఆదివారం కూడా సాంచెలు నడుస్తున్నాయి. ఏదో నవ్వుతాలుకు అన్న మాటను మోసుకుని తిరుగుతున్నాడు ఈ మనిషి. ఓంప్రకాశ్ అడిగితే నేనేమనాలి? చెడ్డవాళ్లు అనాలా?

అన్నం వండాను. ఎవరూ తినలేదు. నేనూ తినలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

అన్నం! సాంచెలు కాదు, అన్నం.

తిరుమల సెలవు పెట్టి వచ్చింది. సాయిచంద్ చివరికి మేనత్తను నిలదీశాడట. ఆమె చెప్పింది విని వాడు దీనికి చెప్పాడు, ఇది నాకు చెబుతూ సగం ఏడుపు, సగం నవ్వు.

"మమ్మీ, వాళ్ల దిక్కు పిల్ల వాళ్లు అన్నం తెచ్చి ముంగట పెట్టాలెనట. తినుడు తినకపోవుడు వచ్చినోళ్ల ఇష్టం. పెట్టకుంటే మాత్రం, 'మాకు వద్దు, మీరు లేచి పోండ్రి' అన్నట్టేనట. బుచ్చవ్వత్త పొద్దటి సంది అన్నం ముట్టకుండ ఉపాసముండి వచ్చింది, మీ చేతి అన్నం తోనే విడవాలె అని. ఒక్కొక్క ప్లేటు అయిపోయినప్పుడల్లా ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అని చూసిందట. ఇగ అంతేనా అని నిన్ను అడిగింది గూడనట. నువ్వు అంతే అన్నవట."

అన్నాను. నవ్వుతూ అన్నాను.

గోదావరి ఒక్కటే, అటు ఒక రివాజు, ఇటు ఒక రివాజు. నేను మర్యాద అనుకున్నది వాళ్లకు గెంటివేత అయింది. పదకొండు వంటలు తినిపించి పొమ్మన్నట్టు. ముసలామెను ఉపవాసంతో చక్కెర అంబలి తాగించి పంపాను. సిగ్గేసింది. కానీ దాని కన్నా ముందు గుండెల మీంచి బండ దిగింది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వాళ్లకు సాంచెల సంగతి తెలియలేదు.

వెంటనే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాను. తప్పయింది అన్నా, మా దిక్కు పద్ధతి వేరే, మిమ్మల్ని ఇరకాటంలో పెట్టద్దని నేనే అన్నం వద్దన్నాను, అని అంతా చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

"అక్క కోపం పాలపొంగు టీచరమ్మా, ఫికర్ చెయ్యకు. ఆదివారం వస్తం. గీసారి హోటల్ గీటల్ వద్దు, ఇంటికే వస్తం. బావను ఇంట్ల ఉండుమను."

ఇంటికి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

లచ్చయ్య ఆసామి దగ్గరికి పోయాను. ఒక్క గంట నీ కార్ఖానా మాదని అనుకోనీ అన్నాను. వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"నాకేం పోతది టీచరమ్మా. నా మనుమనికి నాలుగక్షరాలు నేర్పినవు. గని పర్శరాములు ఒప్పుకున్నడా?"

ఒప్పుకుంటాడు అన్నాను.

సాయంత్రం ఈయనకు చెప్పాను. వాళ్లు ఇల్లు చూస్తారు, తర్వాత కార్ఖానా చూస్తామంటారు, ఒక్క గంట ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, పిల్ల బతుకు కోసం.

"నేను కుర్చీ మీద కూసుంటే, నా ఎనిమిది సాంచెలు ఎవలు నడుపుతరు?"

"సాంబయ్యను చూసుకోమంటా."

"సాంబయ్యను చూయించి ఏమంటవు? పని మంచిగ చేస్తడు గని మాట వినడు అంటవా?"

నేను పొయ్యి దిక్కు తిరిగాను.

"ఆదివారం నాకు డ్యూటీ ఉన్నది," అన్నాడు. "పన్నెండు సాంచెల మనిషి ఎవలో గాయనను పిలుచుకో. నాకు గాయన ఎరుక లేదు."

ఈ మనిషి ఏడాదికోసారి మాట్లాడతాడు. మాట్లాడితే చెప్పుతో కొట్టినట్టే ఉంటుంది. పిల్ల కంటే ఈయన రోషమే ఎక్కువైంది. ఆదివారానికి మెత్తబడతాడు, నాకు తెలుసు.

ఫిబ్రవరి 22, శనివారం

మెత్తబడలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున్నే సద్ది కట్టుకుని పోయాడు. పిలిచాను, తిరిగి చూడలేదు.

పదకొండింటికి వాళ్లు వచ్చారు. బుచ్చవ్వ గడపలో ఆగి ఇల్లంతా ఒకసారి చూసింది. "ఇల్లు సల్లగున్నది," అని చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పక్కింటి కండెల మిషన్ గిర్రుమంటూనే ఉంది, ఎవరూ దాని ఊసెత్తలేదు. పప్పుచారు, కోడికూర, సర్వపిండి చేశాను. గంజు నిండా అన్నం వండాను. విస్తళ్లు వేసి, గంజు తెచ్చి బుచ్చవ్వ ముందు పెట్టి మూత తీశాను. ఆవిరి లేచింది. ఆమె ముఖం విచ్చుకుంది. నేను గరిటె పెట్టబోతుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటాయన ఏడి బిడ్డా? ఆయన చేతితోని పడాలె మొదటి గరిటె. మా దిక్కు గట్లనే."

"పని మీద పోయిండమ్మా."

"ఏం పని?" అన్నాడు ఓంప్రకాశ్.

"కార్ఖానల మనుషులు రాలేదని, తానే జర చూసుకుందామని..."

"మమ్మీ," అంది తిరుమల. అంతే అంది.

మూత మళ్లీ పెట్టేశాను. తోలుకొస్తానని లేచాను. నేను కూడా వస్తానని ఓంప్రకాశ్ చెప్పులు వేసుకున్నాడు. వద్దంటే బాగుండదు. రెండు సందులు, ఆయన నా వెనక. నడుస్తున్నంతసేపూ ఏ అబద్ధం ఎక్కడ అతికించాలో చూసుకుంటున్నాను, ఒక్కటీ అతకలేదు.

కార్ఖానాలోకి ఎటునుంచి పోవాలో నాకు తెలియలేదు. సాంబయ్య బయట బీడీ తాగుతున్నాడు, అతను చూపించాడు. లోపల చప్పుడు. మాట పక్కనున్నవాడికి అందదు. ఈయన బనియన్ మీద, తల మీద నూలు పీచు, రెండు వరసల మధ్య నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఇంటికి రా. అన్నం పెట్టాలె," అని అరిచాను.

చెవి చూపించాడు, వినబడలేదని. చెయ్యి చాపి ఒక సాంచె ఆపాడు.

"అన్నం పెట్టాలె, రా."

"ఎవల్ని పిలుస్తున్నవు?"

"నిన్నే."

ఇంకొకటి ఆపాడు. నా ముఖమే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఎవరిని పిలవడానికి వచ్చానో నేను చెప్పాలని చూస్తున్నాడు. వెనక్కి తిరిగి ఓంప్రకాశ్‌తో చెప్పాను.

"ఈ సాంచెలు మాయి కావన్నా."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి వంగాడు. "ఏంది?"

"సాంచెలు మాయి కావు. లచ్చయ్యవి."

"ఆఁ?"

ఈయన మూడోది, నాలుగోది ఆపాడు. నేను గొంతు చించుకుని అరిచాను. "మాకు ఒక్క సాంచె గూడ లేదు. నా మొగడు కూలికి నడుపుతడు. నేను అబద్ధం చెప్పిన."

ఈసారి అందరికీ వినిపించింది. అవతలి వరసలో ఇద్దరు తలెత్తి చూశారు. తలుపు దగ్గర సాంబయ్య బీడీ పారేశాడు.

ఓంప్రకాశ్ తల ఊపాడు. "మాకెరుకే చెల్లె," అన్నాడు. "పిల్ల మొదటి దినమే మావానికి చెప్పింది. వాడు మాకు చెప్పిండు. ఏడాది దాటింది."

"మరి ఫోన్ల ఎందుకు అడిగిర్రు? గా హోటల్ల ఎందుకు అడిగిర్రు, ఎంతమంది మనుషులని, మంచోళ్లా అని?"

"ఫోన్ల మాట కలుపుదామని అడిగిన. హోటల్ల మిమ్ములను కాదు గదా, బావను అడిగిన. నాది బట్టల దుకాణం, ఆయనది బట్ట నేసే చెయ్యి. కూసుని ముచ్చట పెడదామనుకున్న. ఆయన ఒక్క మాట మాట్లాడకపాయె. మా పోరడు నచ్చలేదేమో అనుకున్నం. దానిమీదికెల్లి అన్నం గూడ రాకపాయె."

ఆ బల్ల చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. బుచ్చవ్వకు తెలుసు, ఓంప్రకాశ్‌కు తెలుసు, సాయిచంద్‌కు, తిరుమలకు, ఈయనకు తెలుసు. అందరికీ తెలిసిన మనిషి గురించి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పని మంచిగ చేస్తడు గని మాట వినడు అని నేను నవ్వాను. పదకొండు వంటలూ వాళ్లు నా అబద్ధాన్ని మర్యాదగా విన్నారు. భూమి తెరుచుకుంటే బాగుండనిపించింది. అది ఎప్పుడూ తెరుచుకోదు.

ఈయన మిగతా నాలుగూ సాంబయ్యకు అప్పగించి వచ్చాడు. దారిలో ఓంప్రకాశ్, ఈయన ముందు నడుస్తూ ఏదో ముచ్చట పెట్టారు, పోగు మందం గురించి. ఈయన చెబుతున్నాడు, ఆయన వింటున్నాడు. నేను వెనక నడిచాను.

ఇంటికొచ్చి మోచేతుల దాకా కడుక్కుని, బుచ్చవ్వ విస్తట్లో మొదటి గరిటె ఈయనే వేశాడు. "ఇంకింత పెట్టు తమ్మీ, నాడు గూడ బాకీ ఉన్నవు," అందామె. ఈయన నవ్వాడు. ఉగాది దాటాక ముహూర్తం చూద్దామన్నారు. సంబంధం ఖాయమైంది.

వాళ్లు పోయాక తిరుమలను అడిగాను, వాళ్లకు తెలుసని నాకెందుకు చెప్పలేదని.

"చెప్తే ఇంకొకటి చెప్తవనుకున్న మమ్మీ. నీ అంతల నువ్వు చెప్తే బాగుండనుకున్న."

జవాబు చెప్పబోయాను. ఆపుకుని విస్తళ్లు ఎత్తాను.

ఫిబ్రవరి 24, సోమవారం

పొద్దున డ్యూటీకి పోతూ పంచలో ఆగాడు. నిన్నటి గురించి తిడతాడనుకున్నాను. తిడితే పడదామని నిలబడ్డాను.

"పెండ్లయిన ఇరవై ఎనిమిదేండ్లకు వచ్చినవు కార్ఖానకు," అన్నాడు.

అవునన్నాను.

"ఎట్ల నడుపుతనో చూసినవా? ఎనిమిదీ ఒక్కన్నే చూసుకుంట. పోగు తెగితె చప్పుడును బట్టి ఎరుకైతది నాకు, చూడను గూడ చూడ."

"చూసిన. మంచిగ నడుపుతవు," అన్నాను.

తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు. సంతోషపడ్డాడు. సందు మలుపు దాకా నడకలో తెలిసింది.

నేను చూడలేదు. నిన్న ఆ కార్ఖానాలో ఓంప్రకాశ్ ముఖం చూశాను, నా పరువు చూసుకున్నాను. సాంచె మీద ఏ రంగు బట్ట ఉందో అడిగితే చెప్పలేను. మళ్లీ అబద్ధం చెప్పాను, అదీ ఈ మనిషికే.

రేపటికి బడికి అరపూట సెలవు చీటీ రాసి పెట్టాను. సద్ది నేనే పట్టుకుపోతాను. తిన్నంతసేపు కూర్చుని, మళ్లీ నడిపేటప్పుడు నిలబడి చూస్తాను.